గొట్టం కింద బకెట్టు

ఒరీసియా వంటింటి కిటికీ గట్టు మీది నీళ్ళను పాత తువ్వాలుతో ఒత్తి సింకులో పిండుతోంది. పొద్దుటి నుంచి ఇది నాలుగో కిటికీ. అద్దం కింది అంచున చేరిన నీళ్ళు రాత్రికి రాత్రే గడ్డకట్టి, వేలెడు మందాన మంచు బద్దలా అతుక్కుపోయాయి. వెన్న రాసే కత్తితో గీకి తీస్తే తప్ప అవి ఊడిరావు. రెండేళ్ళ కిందట కొత్త కిటికీలు బిగించినవాడు ఇక ఈ చాకిరీ ఉండదని చెప్పి వెళ్ళాడు. పోయిన చలికాలం ఫరవాలేదు. ఈసారి నవంబరు నుంచి రోజుకు రెండు తువ్వాళ్ళు చాలడం లేదు.

బయట మైనస్ ముప్పై ఆరు. ఇంత చలికి స్కూలు బస్సులు తిరగవు కనక పిల్లలకు సెలవు, బస్సు నడిపే ఒరీసియాకూ సెలవు. అందుకే ఇవాళ రమ్మని ఫర్నేసు బాగుచేసే కుర్రాణ్ణి పిలిచింది. ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఆ ఫర్నేసు నేలమాళిగలో ఉంది. ఈ వారంలో రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. ఆగిన రెండుసార్లూ కాలిన దుమ్ము వాసన వచ్చింది.

వచ్చినవాడు కర్టిస్ ఎన్స్. చిన్నప్పుడు ఆమె బస్సులోనే బడికి వెళ్ళేవాడు. ముందు సీటు వెనక చూయింగ్ గమ్ అంటించి, నేను కాదని ఆమె కళ్ళలోకే చూస్తూ చెప్పేవాడు. ఆ చూపు ఆమె మరిచిపోలేదు.

కింద నుంచి పిలుపు వచ్చింది. ఒరీసియా తువ్వాలు ఆరేసి మెట్లు దిగింది. కిందికి దిగగానే ఉన్ని మేజోళ్ళలోంచి కూడా పాదాలకు చలి ఎక్కింది. మంటకు కావలసిన గాలిని బయట నుంచి తెచ్చే గొట్టం ఒకటి ఫర్నేసు పక్కన నేల దాకా దిగి ఒక ప్లాస్టిక్ బకెట్టులో ఆగుతుంది. చలిగాలి గదంతా పాకకుండా ఆ బకెట్టు అడ్డం. దాని అంచు చుట్టూ తెల్లగా మంచు పట్టి ఉంది. అవతల గది తలుపు దగ్గర వూయ్కో హరాసిమ్ నిలబడి ఉన్నాడు. ఆయన ఒరీసియా భర్త నెస్టర్‌కు మేనమామ. పెళ్ళి చేసుకోలేదు. పొలం అమ్మేశాక పదకొండేళ్ళుగా ఈ నేలమాళిగ గదిలోనే ఉంటున్నాడు. వాళ్ళ భాషలో మేనమామని పిలిచే మాటే పేరై, ఊరంతటికీ ఆయన వూయ్కో. కర్టిస్ ట్రక్కు ఇంటి ముందు ఆగిన చప్పుడు వినగానే, దారికి అడ్డంగా ఉన్న సామాను తీస్తానని అందరికంటే ముందు కిందికి పరుగెత్తింది ఆయనే.

కర్టిస్ ఫర్నేసు మూత తీసి నేల మీద పెట్టాడు. మంట వచ్చే చోట పైరేకు నల్లగా మసిబారి ఉంది. చేతిలోని మీటరు చూపించాడు. లోపలికి రాగానే విషపుగాలి ఉన్నట్టు అంకె చూపించిందట. మంటనూ ఇంట్లోకి వెళ్ళే గాలినీ విడదీసే ఇనుపరేకు డబ్బా ఒకటి లోపల ఉంటుంది, అది పగిలిందన్నాడు. ఆ గాలికి వాసన ఉండదని, నిద్రలోనే మనుషుల్ని తీసుకుపోతుందని చెప్పి గ్యాసు మీట తిప్పేశాడు. జేబులోంచి ఎర్ర చీటీ తీసి మీటకు తీగతో కట్టాడు. ఆ చీటీ కట్టాక దాన్ని వెలిగించే హక్కు ఇంటివాళ్ళకు లేదు.

పగులు ఎక్కడుందో చూపించమని ఒరీసియా అడిగింది. అది కంటికి అందే చోట లేదని, సన్న కెమెరాతో తీశానని, ఫోను తెరిచి ఒక బొమ్మ చూపించాడు. రేకు మీద వెంట్రుకలాంటి గీత. ఒరీసియా ఫోను తన చేతిలోకి తీసుకుని, వాడు ఇబ్బందిగా కాళ్ళు మార్చుకునేదాకా చూసింది. తర్వాత తిరిగి ఇచ్చేసింది.

కొత్తది ఏడువేల మూడొందల డాలర్లు. రేపు పొద్దున సంతకం పెడితే మధ్యాహ్నానికి బిగించేస్తానన్నాడు. అంతదాకా వాడుకోమని రెండు కరెంటు హీటర్లు వదిలి వెళ్ళాడు.

మధ్యాహ్నం ధాన్యం గోదాము నుంచి నెస్టర్ భోజనానికి వచ్చేసరికి వంటింట్లో అందరూ కోట్లు వేసుకునే ఉన్నారు. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి వండిన హోలుప్చి బల్ల మీద పెట్టిన నిమిషానికే చల్లారిపోతున్నాయి. నెస్టర్ ఎర్ర చీటీ సంగతి విని, సంతకం పెట్టేయమన్నాడు. కాగితం మీద రాసిందాన్ని అతను చప్పున నమ్ముతాడు. ఒరీసియా నమ్మదు. పోయిన శీతాకాలం పక్కవీధి స్టెల్లా ఇంట్లోనూ ఇదే మాట, ఇలాంటి ఫోటోయే. అమ్మిన ప్రతి కొత్తదానికీ కర్టిస్‌కు కంపెనీ ఇంతని ఇస్తుందని ఊళ్ళో చెప్పుకుంటారు.

వూయ్కో ఫోర్కుతో హోలుప్చిని అటూ ఇటూ తోస్తూ ఇద్దరి మాటా విన్నాడు. ఎదురుగా ఫ్రిజ్ తలుపు మీద, గోధుమ కంకి బొమ్మ ఉన్న అయస్కాంతం కింద ఒక దరఖాస్తు వేలాడుతోంది. పట్నంలోని వృద్ధుల హోమ్‌ది. నెస్టరే తెచ్చి నింపాడు. శుక్రవారం నర్సు వచ్చి వూయ్కోను చూసి వెళ్తుంది. ఆమె సరేనంటే నెలాఖరుకు గది ఇస్తారు.

నెస్టర్ చెడ్డవాడు కాదు. నవంబరు నుంచి వూయ్కో వాలకం నిజంగానే మారిపోయింది. పొద్దున లేవగానే వాంతులు. కుళాయి తిప్పి మరిచిపోవడం. ఒకరోజు ఒరీసియాను చనిపోయిన తన అక్క పేరుతో పరాస్కా అని పిలిచి, ఆవులకు నీళ్ళు పెట్టావా అని అడిగాడు. వయసు డెబ్బై ఎనిమిది, ఇంక ఇంతే అని డాక్టరు కూడా అన్నాడు.

"ముందు ఫర్నేసు, తర్వాత నేను. పాతవి రెండూ ఒకే ట్రక్కులో ఎక్కించేయండి, కిరాయి కలిసొస్తుంది," అన్నాడు వూయ్కో, ఎవరి వంకా చూడకుండా.

"నిన్ను ఎవరేమన్నారిప్పుడు?" అన్నాడు నెస్టర్.

"ఎవరూ ఏమీ అనరు. కాగితాలే అంటాయి."

నెస్టర్ ప్లేటు సింకులో పెట్టేసి పనికి వెళ్ళిపోయాడు.

ఒరీసియా ఫోను చేస్తే రెండు గంటలకు స్లావ్కో వచ్చాడు. ఇరవయ్యేడేళ్ళ కిందట ఈ ఫర్నేసును బిగించింది ఆయనే. ఇప్పుడు పని మానేసి, కంట్లో పొర పెరిగి, చీట్లపేక ఆడుకుంటున్నాడు. స్క్రూడ్రైవరు పిడితో రేకును అక్కడక్కడ కొట్టి చెవి పెట్టి విన్నాడు. చేతి అద్దం లోపలికి దూర్చి చూశాడు. పగులూ లేదు, పాడూ లేదని తేల్చాడు.

"ఆ చీటీ చించి పొయ్యిలో పారేసి వెలిగించుకో ఒరీసియా. ఏమన్నా అయితే నన్నడుగు," అన్నాడు.

ఒరీసియా కాఫీ పోస్తూ ఆయన్ను గమనించింది. చక్కెర గిన్నె అనుకుని ఆయన ఉప్పు గిన్నె అందుకోబోయాడు. ఈయనకు పగులు కనిపించలేదా, లేక పగులు లేదా? తన చేత్తో బిగించినదాన్ని పాడైందని ఈయన ఎందుకు ఒప్పుకుంటాడు? ఒకడికి కొత్తది అమ్ముడుపోవాలి, ఇంకొకడికి పాత పేరు నిలబడాలి. వీళ్ళిద్దరి మధ్యా ఆ ఇనుప డబ్బా లోపల నిజంగా ఏముందో చెప్పేవాడు ఎవడూ లేడు. చీటీ చించి వెలిగిస్తే, కర్టిస్ మాట నిజమైతే, ముందు పోయేది దాని పక్కనే పడుకునే మనిషి.

ఆలోచించి చెబుతానని స్లావ్కోను పంపేసింది.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. ఒక హీటరు వంటింట్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా పెట్టింది, ఇంకోటి వూయ్కో గదిలో. నెస్టర్ వచ్చేలోగా తన కళ్ళతో ఒకసారి చూసుకోవాలనిపించి టార్చిలైటు పట్టుకుని కిందికి వెళ్ళింది. ఫర్నేసు మూత తీసి లోపలికి వెలుతురు వేసింది. పొద్దున ఫోనులో చూసిన బొమ్మలో పగులు పక్కన మంట గొట్టాల నోళ్ళు వరసగా నాలుగున్నాయి. అప్పుడే లెక్కపెట్టుకుంది. ఇప్పుడు వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఇక్కడ ఉన్నవి మూడు.

ఆ ఫోటో ఈ ఇంటిది కాదు.

అనుకున్నంతా అయినందుకు ఆమెకు ఒక క్షణం హాయిగా అనిపించింది. వెంటనే మసి మీద వెలుతురు పడింది. మసి ఫోటో కాదు. వేలితో రాస్తే వేలికి అంటింది. పగులు లేకపోతే ఈ మసి ఎక్కడిది?

లేవబోయి ఆగింది. పొద్దున ఇదే చోట నిలబడితే పాదాలు జివ్వుమన్నాయి. ఇప్పుడు ఫర్నేసు ఆరి ఎనిమిది గంటలు దాటింది, బయట ఇంకా చలి ముదిరింది, అయినా పాదాలకు గాలి తగలడం లేదు. టార్చి బకెట్టు మీదికి తిప్పింది. అంచున మంచు లేదు. గొట్టం నోటి దగ్గర అరచెయ్యి పెట్టింది. గాలి లేదు. చెయ్యి లోపలికి పోనిచ్చింది. మెత్తగా ఏదో తగిలింది.

లాగితే వచ్చింది. ఎర్ర గళ్ళ ఫ్లానెల్ చొక్కా, ఉండలా చుట్టి గడ్డిమోపులకు కట్టే తాడుతో బిగించి ఉంది. తాడు చివర లాగడానికి వీలుగా ఒక ఉచ్చు. ఆ ఉచ్చు వేళ్ళ రాపిడికి నునుపెక్కింది. ఒక్కరోజు వాడితే అంత నునుపు రాదు.

తలెత్తేసరికి వూయ్కో గది తలుపు దగ్గర ఉన్నాడు.

"ఎప్పటి నుంచి?" అంది ఒరీసియా.

"ఈ ఏడు మొదటి మంచు పడ్డప్పటి నుంచి. రాత్రంతా నా మంచం కిందికే వస్తుంది ఆ గాలి."

"మరి పొద్దున కర్టిస్ వచ్చినప్పుడు?"

"ట్రక్కు చప్పుడు వినగానే తీసేశా. వాడు వెళ్ళాక పెట్టా. ఫర్నేసువాళ్ళ కంటపడితే అరుస్తారు కదా. ఈ వీధిలో ఎవరింట్లో లేదు? స్టెల్లా వాళ్ళు దిండు పెడతారు. స్లావ్కో వాళ్ళావిడ అయితే తివాచీ ముక్క కోసి మరీ కుక్కింది. ఎవరొచ్చినా తీసేస్తాం, పోయాక పెట్టేస్తాం."

అవును, ఒరీసియా పుట్టింట్లోనూ ఉండేది. ఆమె తల్లి పాత స్వెట్టరు పెట్టేది. అప్పటి ఇళ్ళలో కిటికీల సందుల్లోంచీ తలుపుల కిందనుంచీ ఈలలు వేస్తూ గాలి వచ్చేది కనక మంటకు లోటుండేది కాదు. ఈ ఇంటికి కొత్త కిటికీలు బిగించి ఊరగాయ సీసాలా మూసేశారు. ఉన్న ఒక్క రంధ్రంలోనూ చొక్కా దూరింది. గాలి చాలక మంట మసి కక్కుతోంది. చిమ్నీలోంచి పైకి పోవలసిన పొగా ఆవిరీ ఇంట్లోకే తిరిగి వస్తున్నాయి. తను రోజూ పిండుతున్న నీళ్ళు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. శని ఆదివారాల్లో ఇంట్లో ఉంటే పట్టే తలనొప్పి, సోమవారం బస్సు ఎక్కగానే ఎందుకు పోతుందో తెలిసింది. ఈ మనిషి వారంలో ఏడు రోజులూ ఇక్కడే ఉంటాడు.

"నెస్టర్‌కి చెప్పకు. చెప్పావంటే వాడు శుక్రవారం దాకా కూడా ఆగడు," అన్నాడు వూయ్కో.

ఆమె ఏ మాటా ఇవ్వలేదు. పైకి వెళ్ళి వంటింటి సొరుగు తెరిచింది. రబ్బరు బ్యాండ్ల కింద, పాత తాళాల పక్కన తెల్లటి గుండ్రని అలారం కనిపించింది. విషపుగాలి వస్తే మోగేది. మెట్ల పైన గోడకు ఉండవలసింది. నవంబరులో ఒక ఆదివారం బంగాళాదుంప కూరిన పైరోగీలు వేయిస్తూ, పొగను బయటికి లాగే ఫ్యాను వేసింది. అలారం ఆగకుండా మోగింది. నూనె పొగకే మోగుతోందనుకుని బ్యాటరీ పీకి సొరుగులో పడేసింది తనే. పొద్దుటి నుంచి కర్టిస్‌ను, స్లావ్కోను, కింద ఉన్న ముసలాయన్ను వరసగా అనుమానించింది. ఈ సొరుగు మాత్రం ఆమెకు తోచలేదు.

ఆ పూట వూయ్కో మంచాన్ని నెస్టర్ చేత పైకి, ముందు గదిలోకి మోయించింది. కింద చలి ఎక్కువగా ఉందని చెప్పింది. అది అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున కర్టిస్ ఒప్పందం కాగితాలు అట్ట మీద బిగించి తెచ్చాడు. నెస్టర్ పనికి వెళ్ళే తొందరలో పెన్ను కూడా తీశాడు. ఒరీసియా ఇద్దర్నీ కిందికి రమ్మంది. వూయ్కో పిలవకుండానే వెనక దిగాడు. గొట్టంలో ఇప్పుడు ఏమీ లేదు. బకెట్టు అంచున మంచు మళ్ళీ పట్టింది.

"కర్టిస్, నిన్నటి ఫోటో ఇంకోసారి చూపించు."

చూపించాడు.

"ఇందులో మంట గొట్టాలు నాలుగున్నాయి. మా దాంట్లో మూడే. ఎవరింటిది ఇది, స్టెల్లాదా?"

కర్టిస్ ఆమె కళ్ళలోకి చూశాడు. బస్సులో చూసిన చూపే. అది ఎక్కువసేపు నిలవలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆఫీసువాళ్ళు ఇచ్చిందండీ, చూపించడానికి. పగులు నాకు కనబడలేదు మిసెస్ బోడ్నార్. కానీ మీటరు ఎక్కింది, మసి ఉంది. గొట్టం తెరిచే ఉంది. ఇంక పగులు కాక ఏముంటుంది అనుకున్నా."

ఒరీసియా చొక్కా ఉండను ఫర్నేసు మీద పెట్టింది. ఆ తాడును, ఉచ్చును చూడగానే అది ఎందుకో కర్టిస్‌కు అర్థమైంది. ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. బహుశా వాళ్ళమ్మా పెడుతుందేమో.

వెలిగించి చూడమంది ఆమె. చీటీ కట్టినవాడే కనక వాడు విప్పి పరీక్ష చేయవచ్చు. అరగంట నడిపారు. మంట నీలంగా నిలబడింది. పొగ పైకి పోయే చోట ఒరీసియా తన చేతి అద్దం పెట్టింది. అద్దం తేటగానే ఉంది, మీటరులో సున్నా. వేడిగాలి ఇంట్లోకి వచ్చే చోట కూడా కర్టిస్ మీటరు పెట్టి చూశాడు. అక్కడా సున్నాయే. డబ్బా పగలలేదన్నాడు, ఈసారి ఎవరూ అడక్కముందే. తర్వాత ఆమె పైకి వెళ్ళి, ఆ ఆదివారంలాగే, ఇంట్లోని గాలిని బయటికి లాగే వంటింటి ఫ్యాను వేసి వచ్చి, చొక్కా ఉండను గొట్టంలో కుక్కింది. అందరూ అద్దాన్నే చూస్తున్నారు. కాసేపటికి దాని మీద ఆవిరి కమ్మింది, నిన్నటి కిటికీలాగే. మంట పసుపుగా వంగింది. మీటరు తొమ్మిది చూపించింది. తర్వాత ఇరవై రెండు. నలభై దాటేసరికి కర్టిస్ తనే చొక్కా లాగి పడేసి, గ్యాసు కట్టేసి, వెనక తలుపు బార్లా తెరిచాడు.

వూయ్కో తన ఖాళీ గది గుమ్మం మీద కూర్చుని ఆ చొక్కా వంకే చూస్తున్నాడు.

పైకి వచ్చాక కర్టిస్ ఒప్పందం కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. మసి తుడిచి శుభ్రం చేస్తే ఇప్పటికి సరిపోతుందని, ఎలాగూ పాతదే కాబట్టి ఇంకో రెండు మూడు చలికాలాలే అని గొణిగాడు. ఒరీసియా వాడి ముందు తెల్లకాగితం ఒకటి పెట్టింది.

"చూసింది చూసినట్టు రాయి. గొట్టం మూసుకుపోయిందని, పొగ ఇంట్లోకి వచ్చిందని, ఆ గాలి పీలిస్తే మనిషికి ఏమవుతుందో అది కూడా. డబ్బా పగల్లేదని రాయి."

"అదొక్కటి వదిలేయండి. మా మేనేజరు నన్ను బతకనివ్వడు."

"నేను సంతకం పెట్టేది నువ్వు రాసినదాని కిందే కర్టిస్."

చాలాసేపు పెన్ను ఊపి, చివరికి రాశాడు. తలనొప్పి, వాంతులు, మతి చెదరడం అని మూడు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి, ఇంట్లో అందరూ ఇవాళే డాక్టరుకు చూపించుకోవాలని కింద గీత గీశాడు. ఫర్నేసు శుభ్రం చేసి, మళ్ళీ పరీక్షించి, వెళ్తూ వెళ్తూ ఎర్ర చీటీ విప్పి జేబులో వేసుకున్నాడు.

నెస్టర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇంట్లో అందర్నీ చంపేసేవాడు," అన్నాడు మెల్లగా, ముందు గదిలో మంచం మీద ఉన్న మేనమామ వంక చూసి. "మతి ఉన్నవాడు చేసే పనేనా ఇది?"

ఒరీసియా సొరుగులోంచి అలారం తీసి బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది.

"అయితే నా పేరు మీద కూడా ఒక దరఖాస్తు తే. ఇది మోగితే బ్యాటరీ పీకింది నేను. నవంబర్లో. ఆయన గుడ్డ కుక్కిందీ అప్పుడే, నన్ను పరాస్కా అన్నదీ అప్పుడే. అంతకుముందు ఆయన ఎవరి పేరు మరిచాడో చెప్పు."

నెస్టర్ అలారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆలోచించాడు. అక్టోబరులో ఇదే మనిషి పక్కూరి పొలాల హద్దులన్నీ, ఏ ఏట ఎవరు కొన్నారో తేదీలతో సహా తనకు చెప్పిన సంగతి ఒరీసియాకు గుర్తుంది. అతనికీ గుర్తుండే ఉంటుంది.

"తగ్గుతుందని నేను అనడం లేదు. తగ్గుతుందో లేదో చూడకుండా పంపొద్దంటున్నా. వసంతం దాకా చూద్దాం," అంది.

ముందు గదిలో మంచం కిర్రుమంది. ఆయన వింటున్నాడు.

నెస్టర్ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. అయస్కాంతం పక్కకు జరిపి దరఖాస్తు తీశాడు. దాని వంక చూడకుండానే నాలుగు మడతలు పెట్టాడు. ఒరీసియా అతని చేతినే గమనించింది, అది కోటు జేబులోకి వెళ్తుందేమోనని. చెయ్యి తలుపు పక్కన పాత పేపర్ల డబ్బా మీదికి వెళ్ళి, ఖాళీగా తిరిగి వచ్చింది. నెస్టర్ బూట్లు తొడుక్కుని, చెవుల మీదికి టోపీ లాక్కుని, గోడకు ఆనించిన పార తీసుకున్నాడు. గోడకు బయటివైపున ఉన్న గొట్టం నోటి మీద పేరుకున్న మంచును తీయడానికి తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు.